విమాన టికెట్‌తో వచ్చే పాయింట్లు నిజంగా లాభమేనా? ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ప్రోగ్రామ్‌లో చేరే ముందు ఇవి తెలుసుకోండి

ఆన్‌లైన్‌లో విమానం టికెట్ బుక్ చేసేటప్పుడు పేరు, వయసు, ఫోన్ నంబరు నింపాక మరో గడి కనిపిస్తుంది. ‘ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబర్’ అని ఉండే ఆ గడిని చాలామంది ఖాళీగా వదిలేసి ముందుకు వెళ్లిపోతారు. ఇంకొందరు దీనికి పూర్తి భిన్నం. పాయింట్ల కోసమే వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టి అదే ఎయిర్‌లైన్స్‌లో వెళ్తారు, ఏటా ఫీజు కట్టి క్రెడిట్ కార్డులు తీసుకుంటారు.

ఈ రెండు పద్ధతుల్లోనూ నష్టం ఉంది. గడిని ఖాళీగా వదిలేస్తే ఉచితంగా వచ్చేది పోతుంది. పాయింట్ల వెంట పడితే చేతిలోని డబ్బు పోతుంది. అసలు ఈ పథకాలు ఎలా పనిచేస్తాయి? ఒక పాయింట్ విలువ ఎంత? ఎవరికి ఉపయోగం? చూద్దాం.

ఇది ఎలా మొదలైంది?

ఇప్పుడు మనం చూస్తున్న తరహా పథకాలకు బాట వేసింది అమెరికన్ ఎయిర్‌లైన్స్. 1981 మే 1న ‘ఎఅడ్వాంటేజ్’ పేరుతో పథకం ప్రారంభించింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కూడా సొంత పథకంతో ముందుకొచ్చింది. అప్పట్లో లెక్క తేలిగ్గా ఉండేది. ఎన్ని మైళ్లు ప్రయాణిస్తే అన్ని ‘మైల్స్’ ఖాతాలో పడేవి. అవి తగినన్ని పోగయ్యాక ఉచిత టికెట్ ఇచ్చేవారు.

తర్వాత లెక్క మారింది. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో దూరాన్ని పక్కన పెట్టి, ప్రయాణికుడు చెల్లించిన ఛార్జీని బట్టి మైల్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. మన ఎయిరిండియా కూడా 2024లో ఇదే దారి పట్టింది. పేరులో ‘మైల్స్’ ఉన్నా, చాలా పథకాల్లో ఇప్పుడు లెక్కలోకి వచ్చేది మీరు ఖర్చు పెట్టిన రూపాయే.

దీని ప్రభావం నేరుగా మీ మీద పడుతుంది. హైదరాబాద్ నుంచి దిల్లీకి దూరం ఎప్పుడూ ఒకటే. ఆ టికెట్‌ను రెండు నెలల ముందు చవగ్గా కొన్నవారికి తక్కువ పాయింట్లు వస్తాయి. ముందు రోజు ఎక్కువ ధరకు కొన్నవారికి ఎక్కువ వస్తాయి. డబ్బు ఆదా చేసుకునే ప్రయాణికుడి కంటే కంపెనీ ఖర్చుతో తిరిగే ఉద్యోగికే ఈ పద్ధతి అనుకూలం.

మన దగ్గర ఏ పథకాలున్నాయి?

ఎయిరిండియాలో ఏళ్ల తరబడి ‘ఫ్లయింగ్ రిటర్న్స్’ ఉండేది. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిరిండియాలో విలీనమైంది. దాంతో క్లబ్ విస్తారా సభ్యుల ఖాతాలు కూడా ఇందులో కలిశాయి. ఇప్పుడు ఈ పథకం పేరు ‘మహారాజా క్లబ్’. 2006 నుంచి విమానాలు నడుపుతున్న ఇండిగో చాలా ఆలస్యంగా, 2024లో ‘బ్లూచిప్’ పేరుతో సొంత పథకం తెచ్చింది.

తెలుగువారు ఎక్కువగా ఎక్కే విదేశీ ఎయిర్‌లైన్స్‌కూ ఇలాంటివి ఉన్నాయి. ఎమిరేట్స్‌ది స్కైవార్డ్స్. ఖతార్ ఎయిర్‌వేస్‌ది ప్రివిలేజ్ క్లబ్. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌ది క్రిస్‌ఫ్లయర్. వీటన్నింటిలో సభ్యత్వం ఉచితం. పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు ఇస్తే నిమిషాల్లో నంబరు వస్తుంది.

రెండు రకాల లెక్కలు.. తేడా గమనించండి

ఖాతాలో సాధారణంగా రెండు వేర్వేరు లెక్కలు నడుస్తాయి. చాలామందిని తికమక పెట్టేది ఇదే.

మొదటిది ఖర్చు పెట్టుకోగల పాయింట్లు. వీటితో టికెట్ కొనొచ్చు, ఎకానమీ నుంచి బిజినెస్ క్లాస్‌కు అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు, కొన్నిచోట్ల అదనపు బ్యాగేజీ తీసుకోవచ్చు.

రెండోది స్థాయిని నిర్ణయించే పాయింట్లు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం లాంటి హోదాలకు ఇవి కొలమానం. వీటిని ఖర్చు పెట్టలేం. నిర్ణీత వ్యవధిలో తగినన్ని రాకపోతే హోదా దక్కదు, ఉన్నది కూడా పోవచ్చు. ఉదాహరణకు స్కైవార్డ్స్‌లో సిల్వర్‌కు 25,000, గోల్డ్‌కు 50,000 టియర్ మైల్స్ కావాలి. చవక ఎకానమీ టికెట్‌పై ఏడాదికోసారి ఇంటికి వచ్చి వెళ్లేవారికి ఇవి అందడం కష్టం.

హోదా దక్కితే మాత్రం సౌకర్యాలు బాగుంటాయి. చెకిన్‌కు వేరే వరుస, లాంజ్ ప్రవేశం, ముందుగా బోర్డింగ్, అదనపు బ్యాగేజీ ఇస్తారు. అమెరికాలోని పిల్లలకు ఆవకాయ, పొడులు, బట్టలు సర్దుకుని వెళ్లే కుటుంబానికి అన్నింటికంటే పనికొచ్చేది అదనపు బ్యాగేజీనే. స్టార్ అలయన్స్ గోల్డ్ హోదా ఉన్నవారికి మామూలు పరిమితిపై 20 కిలోలు గానీ, మరో బ్యాగు గానీ అదనంగా అనుమతిస్తారు.

అలయన్స్ అంటే ఏమిటి?

ఎయిర్‌లైన్స్ జట్లు కట్టాయి. 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ ఏర్పడ్డాయి. ఒక జట్టులోని ఏ విమానం ఎక్కినా, అదే జట్టులో మీకు ఖాతా ఉన్న పథకంలో పాయింట్లు జమ చేయించుకునే వీలుంటుంది.

ఎయిరిండియా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది. లుఫ్తాన్సా, యునైటెడ్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా అందులోనివే. హైదరాబాద్ నుంచి లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు, అక్కడి నుంచి యునైటెడ్‌లో అమెరికాకు వెళ్లారనుకుందాం. రెండింటికీ విడివిడిగా ఖాతాలు తెరవాల్సిన పని లేదు. మహారాజా క్లబ్ నంబరు ఒక్కటే రెండు చోట్లా ఇవ్వొచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. ఎమిరేట్స్, ఇండిగో ఈ మూడు జట్లలోనూ లేవు. వాటికి విడిగా భాగస్వామ్య ఒప్పందాలు ఉంటాయి.

ఇందులో ఓ మెలిక ఉంది. భాగస్వామి విమానంలో వెళ్లినప్పుడు వచ్చే పాయింట్లు టికెట్ ‘ఫేర్ క్లాస్’ను బట్టి మారతాయి. ఎకానమీలోనే పది రకాల ధరల తరగతులుంటాయి. అన్నింటికంటే చవకైన వాటికి పావు వంతే రావచ్చు, అసలేమీ రాకపోవచ్చు. ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే గ్రూప్ ఛార్జీల టికెట్లకు చాలా చోట్ల పాయింట్లు ఉండవు. డబ్బు కట్టే ముందే ఏజెంట్‌ను ఈ విషయం అడగండి.

ఒక పాయింట్ విలువ ఎంత? మీరే లెక్కేసుకోండి

ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది ముఖ్యం కాదు. ఆ పాయింట్లతో ఏం కొనగలరన్నదే చూడాలి. దానికి ఓ చిన్న లెక్క చాలు. టికెట్ అసలు ధరలోంచి, పాయింట్లతో తీసుకున్నప్పుడు నగదుగా కట్టాల్సిన పన్నులు, ఫీజులు తీసేయండి. మిగిలినదాన్ని కావాల్సిన పాయింట్లతో భాగించండి.

ఓ ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. విశాఖ నుంచి బెంగళూరుకు టికెట్ రూ.6,500. అదే టికెట్ పాయింట్లతో అయితే 10,000 పాయింట్లు, దానిపై నగదు రూ.1,500. అంటే 10,000 పాయింట్లు మీకు రూ.5,000 మిగిల్చాయి. ఒక్కో పాయింట్ విలువ 50 పైసలు.

సంక్రాంతి ముందు అదే టికెట్ రూ.11,500కు చేరి, పాయింట్ల ధర మాత్రం పెరగలేదనుకుందాం. అప్పుడు 10,000 పాయింట్లు రూ.10,000 మిగులుస్తాయి. పాయింట్ విలువ రూపాయి అయింది. అందుకే పాయింట్లు వాడుకోవడానికి పండగలు, పెళ్లిళ్ల రద్దీ సమయాలు మంచివి. అయితే చాలా ఎయిర్‌లైన్స్ ఇప్పుడు డిమాండ్‌ను బట్టి పాయింట్ల ధరనూ పెంచేస్తున్నాయి. కొన్ని సంస్థలు పాయింట్ల కోసం కేటాయించే సీట్లు తక్కువే ఉంటాయి. కాబట్టి ప్రతిసారీ లెక్క చూసుకోవాల్సిందే.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూడండి. ప్రతి రూ.100కు 6 పాయింట్లు ఇచ్చే పథకం అనుకుందాం. పాయింట్‌కు 50 పైసలు చొప్పున రూ.100కు రూ.3 వెనక్కి వచ్చినట్టు. అంటే ఇది మూడు శాతం డిస్కౌంట్. పన్నులు కాకుండా రూ.6,000 ఛార్జీ కడితే 360 పాయింట్లు, అంటే రూ.180 విలువ.

ఇక్కడే అసలు విషయం అర్థమవుతుంది. వేరే ఎయిర్‌లైన్స్‌లో అదే సమయానికి టికెట్ రూ.500 తక్కువకు దొరికితే, రూ.180 విలువైన పాయింట్ల కోసం దాన్ని వదులుకున్నవారు రూ.320 నష్టపోయినట్టే.

ఇంకో కోణం కూడా ఉంది. ఒక్కో ప్రయాణానికి 360 పాయింట్ల చొప్పున 10,000 చేరాలంటే 28 ప్రయాణాలు చేయాలి. ఏడాదికి నాలుగుసార్లు విమానం ఎక్కేవారికి ఏడేళ్లు పడుతుంది. అప్పటిదాకా మొదట్లో వచ్చిన పాయింట్లు బతికే ఉంటాయా?

పాయింట్లకూ ఎక్స్‌పైరీ ఉంటుంది

చాలా పథకాల్లో పాయింట్లకు గడువు ఉంటుంది. దాన్ని లెక్కించే తీరు వేర్వేరుగా ఉంటుంది.

• కొన్నింటిలో పాయింట్లు వచ్చిన తేదీ నుంచి గడువు మొదలవుతుంది. స్కైవార్డ్స్, క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కు ఇది సుమారు మూడేళ్లు.

• కొన్నింటిలో ఖాతాలో కదలిక ఉంటే చాలు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఇచ్చే ‘ఏవియోస్’ 36 నెలల పాటు జమ గానీ, ఖర్చు గానీ లేకపోతే పోతాయి. మధ్యలో చిన్న లావాదేవీ జరిగినా గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

• డెల్టా, యునైటెడ్ మైల్స్‌కు గడువు లేదు.

ఖాతా తెరిచిన రోజే ఈ ఒక్క నిబంధన చదివి, ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఎయిర్‌లైన్స్ ఎందుకు ఇస్తున్నట్టు?

ఉచితంగా ఇచ్చేదానితో కంపెనీకి ఏం లాభం అనిపించొచ్చు. నిజానికి ఇదో పెద్ద వ్యాపారం. ఎయిర్‌లైన్స్ పాయింట్లను ప్రయాణికులకు ఇవ్వడమే కాదు, బ్యాంకులకు టోకున అమ్ముతాయి. మీరు క్రెడిట్ కార్డు గీకిన ప్రతిసారీ జమయ్యే పాయింట్లను బ్యాంకు డబ్బు పెట్టి కొన్నదే.

కొవిడ్ సమయంలో విమానాలు నేల మీదే ఉన్నప్పుడు ఈ వ్యాపారం విలువ బయటపడింది. 2020లో యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని తనఖా పెట్టి 680 కోట్ల డాలర్లు సమీకరించింది. 2021లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎఅడ్వాంటేజ్‌ను చూపి 1,000 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. విమానాలు ఎగరకపోయినా పాయింట్ల పథకానికి అప్పు పుట్టిందంటే అందులో ఎంత ఆదాయం ఉందో ఊహించవచ్చు.

పాయింట్లు మీ డబ్బు కాదు

బ్యాంకు ఖాతాలో రూ.10,000 ఉంటే అది మీ సొమ్ము. పాయింట్ల సంగతి వేరు. నిబంధనలు మార్చే హక్కు తమకే ఉందని ప్రతి పథకం ఒప్పందంలో రాసి ఉంటుంది. నిన్న 10,000 పాయింట్లకు వచ్చిన టికెట్‌కు రేపు 15,000 అడగొచ్చు. ఏళ్ల తరబడి కూడబెట్టేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాయింట్లకు వడ్డీ రాదు, విలువ మాత్రం తరుగుతుంది.

అమెరికాలో ఓ సభ్యుడు తరచూ ఫిర్యాదులు చేస్తున్నాడంటూ నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఆయన్ను పథకం నుంచి తొలగించింది. ఆయన కోర్టుకెక్కారు. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఎయిర్‌లైన్స్ వైపే తీర్పు ఇచ్చింది.

మన దగ్గర జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. దాని పాయింట్ల పథకం వేరే కంపెనీగా ఉండటంతో ఇంటర్‌మైల్స్ పేరుతో కొనసాగింది. కానీ జెట్ విమానం ఎక్కుదామని పాయింట్లు దాచుకున్నవారికి ఎక్కడానికి ఆ విమానమే లేకుండా పోయింది.

క్రెడిట్ కార్డు తీసుకోవాలా?

ఎయిర్‌లైన్స్ పేరుతో వచ్చే కార్డులు పాయింట్లను వేగంగా పెంచుతాయి. తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏడాది ఫీజు ఎంత? ఆ ఫీజుకు తగ్గ పాయింట్లు రావాలంటే ఎంత ఖర్చు పెట్టాలి? ఆ ఖర్చు మీరు ఎలాగూ పెట్టేదేనా?

నెల బిల్లు పూర్తిగా కట్టలేని పరిస్థితి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. క్రెడిట్ కార్డు బాకీపై వడ్డీ చాలా కార్డుల్లో నెలకే మూడు శాతం దాటుతుంది. పాయింట్ల రూపంలో రూ.100కు రెండు మూడు రూపాయలు సంపాదించి, వడ్డీ కింద అంతకంటే ఎక్కువ కట్టడంలో అర్థం లేదు.

ఇంతకీ ఎవరు చేరాలి?

ఏడాదికి ఒకటి రెండుసార్లు దేశంలో తిరిగేవారు: చేరండి, నంబరు ఇవ్వండి, అక్కడితో మరిచిపోండి. టికెట్ ఎంపికలో ధర, సమయమే చూసుకోండి.

నెలనెలా ఆఫీసు పనిపై తిరిగే ప్రైవేటు ఉద్యోగులు: అందరికంటే ఎక్కువ లాభం మీకే. టికెట్ డబ్బు కంపెనీది, పాయింట్లు చాలాచోట్ల మీవి. ముందుగా మీ కంపెనీ నిబంధన తెలుసుకోండి. ప్రయాణాలన్నీ ఒకే పథకంలో చేరేలా చూసుకుంటే హోదా కూడా దక్కుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు: జాగ్రత్త. అధికారిక పర్యటన టికెట్లపై వచ్చిన మైలేజ్ పాయింట్లను శాఖ అధికారిక ప్రయాణాలకే వాడాలి. సొంత ప్రయాణానికి వాడితే శాఖాపరమైన చర్య తప్పదని ఆర్థిక శాఖ నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు: తప్పకుండా చేరాలి. దూర ప్రయాణాల టికెట్ల ధర ఎక్కువ కాబట్టి ఒక్క రాకపోకకే చెప్పుకోదగ్గ పాయింట్లు వస్తాయి. అయితే రెండేళ్లకోసారి వెళ్లేవారు గడువు మీద కన్నేసి ఉంచాలి.

గల్ఫ్‌లో పనిచేసేవారు: ఏటా ఒకే మార్గంలో, తరచూ ఒకే ఎయిర్‌లైన్స్‌లో వచ్చి వెళ్తుంటే చేరడం మంచిది. టికెట్ యజమాని కొన్నా, ఏజెంట్ తీసినా మీ నంబరు చేర్చమని అడగొచ్చు.

చేరేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాట్లు

పేరు సరిపోకపోవడం: తెలుగువారికి ఇది పెద్ద చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరుకు ఇనీషియల్ మాత్రమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఖాతాలోని పేరు, టికెట్‌లోని పేరు కలవకపోతే పాయింట్లు జమ కావు. విదేశీ ప్రయాణాలు చేసేవారు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఖాతా తెరవాలి.

డబ్బు కట్టినవారికే పాయింట్లు అనుకోవడం: నలుగురి టికెట్లకు మీరే డబ్బు కట్టినా, సాధారణంగా ఎవరి ప్రయాణానికి వచ్చే పాయింట్లు వారి ఖాతాకే వెళ్తాయి. ఖాతా లేనివారి వాటా పోయినట్టే. కాబట్టి అమ్మానాన్నలకూ విడిగా ఖాతాలు తెరవండి. చాలా పథకాల్లో రెండేళ్లు దాటిన పిల్లల్నీ చేర్చొచ్చు. ఎమిరేట్స్‌లో ‘మై ఫ్యామిలీ’ ఉన్నట్టు, కుటుంబం మొత్తం పాయింట్లను ఒకచోట కలుపుకునే సౌకర్యం ఉందేమో చూడండి. నలుగురి దగ్గర కొంచెం కొంచెంగా ఉండి ఎందుకూ పనికిరాని పాయింట్లు ఒకచోట చేరితే టికెట్‌కు సరిపోవచ్చు.

బోర్డింగ్ పాస్ పారేయడం: పాయింట్లు జమయ్యేదాకా బోర్డింగ్ పాస్, ఈ-టికెట్ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. జమ కాకపోతే వెబ్‌సైట్‌లో ‘మిస్సింగ్ మైల్స్’ కింద క్లెయిమ్ చేయొచ్చు. దీనికీ గడువుంటుంది. చాలాచోట్ల ఆరు నెలలే.

మిక్సీలు, గిఫ్ట్ వోచర్లు తీసుకోవడం: పాయింట్లకు అన్నింటికంటే తక్కువ విలువ దక్కేది సాధారణంగా వీటిలోనే. టికెట్లు, అప్‌గ్రేడ్లతో పోల్చి చూశాకే నిర్ణయించుకోండి. గడువు ముగిసిపోతుంటే మాత్రం వదులుకోవడం కంటే ఏదో ఒకటి తీసుకోవడమే మేలు.

మోసాలతో జాగ్రత్త

‘మీ రివార్డ్ పాయింట్లు ఈ రాత్రితో ముగుస్తున్నాయి, వెంటనే ఈ లింక్ నొక్కండి’ అంటూ మెసేజ్ వస్తే నొక్కొద్దు. యాప్ ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమన్నా చేయొద్దు. పాయింట్లను నగదుగా మారుస్తామంటూ కార్డు వివరాలు, ఓటీపీ అడిగేవారు మోసగాళ్లే. మీ ఖాతా చూసుకోవాలంటే ఎయిర్‌లైన్స్ అధికారిక యాప్‌లోకి మీరే వెళ్లండి. డబ్బు పోయిందని గుర్తిస్తే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

న్యాయంగా రావాల్సిన పాయింట్లు ఇవ్వకపోతే ముందు ఎయిర్‌లైన్స్‌కు ఈమెయిల్ ద్వారా ఫిర్యాదు చేసి, ఆ నంబరు దాచుకోండి. స్పందన లేకపోతే పౌర విమానయాన శాఖ ‘ఎయిర్‌సేవ’ పోర్టల్‌లో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో గానీ ఫిర్యాదు చేయొచ్చు.

చివరిగా..

ఫ్రీక్వెంట్ ఫ్లయర్ పాయింట్లను చిన్న డిస్కౌంట్ కూపన్‌లా చూడండి. కిరాణా కొట్టులో కూపన్ ఇస్తే తీసుకుంటాం. కూపన్ కోసమని అక్కర్లేని సరుకు కొనం. ఇక్కడా అంతే. ముందు మీకు అనువైన సమయానికి, తక్కువ ధరకు టికెట్ ఎంచుకోండి. తర్వాత ఆ ఎయిర్‌లైన్స్ నంబరు గడిలో నింపండి. టికెట్‌కు సరిపడా పాయింట్లు చేరగానే, లెక్క కుదిరితే వాడేయండి.

తర్వాతిసారి టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ గడిని మాత్రం ఖాళీగా వదలొద్దు.